కుదుపు ఆగిన తరువాత జారిన కట్ట

నీటికీ, దాని దిగువన ఉన్న ఊళ్లకూ మధ్య మిగిలింది ఐదడుగుల మట్టి. అది కూడా నిలువునా పగిలి, పెళ్లలు పెళ్లలుగా వదులైపోయిన మట్టి. 1971 ఫిబ్రవరి 9న తెల్లవారి ఆరు గంటలకు కాలిఫోర్నియాలోని శాన్ ఫెర్నాండో లోయను 6.6 తీవ్రత గల భూకంపం కుదిపిన తరువాత లోయర్ శాన్ ఫెర్నాండో డ్యామ్ పరిస్థితి ఇది. 142 అడుగుల ఎత్తు, రెండు వేల అడుగులకు పైగా పొడవు ఉన్న మట్టికట్ట అది. దానిలో నీటి వైపు వాలు, కట్ట పైభాగం, అవతలి వాలులో పై 30 అడుగుల భాగం కలిసి జలాశయంలోకి జారిపోయాయి. ఆ రోజు నీటిమట్టం కట్ట తలకు 35 అడుగుల కింద ఉంది. కట్ట ఎత్తులో 30 అడుగులు పోయాయి. మిగిలిన ఐదడుగుల వెనుక నీటిని ఆపి, దిగువన ఉన్న సుమారు 80 వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించి, నాలుగు రోజుల పాటు జలాశయాన్ని దించుకుంటూ వచ్చారు. నీళ్లు ఇంకో రెండు మీటర్లు ఎక్కువగా ఉండి ఉంటే ఈ కథ వేరేగా ముగిసేది.

ఇంజినీర్లను ఆ తరువాత ఏళ్ల తరబడి ఆలోచనలో పడేసింది మాత్రం ఈ తీసివేత లెక్క కాదు. కట్ట మీద, పక్కనున్న గట్టు మీద భూమి కదలికను గీత రూపంలో నమోదు చేసే సీస్మోస్కోపులు ఉన్నాయి. కట్ట మీది పరికరం కట్టతో పాటే జారింది. అయితే అది గీసిన గీత మిగిలింది. ఆ మెలికల గీతను ఓపికగా విప్పి చదివితే తేలింది ఒక వింత సంగతి. కట్ట పెద్ద ఎత్తున జారింది భూమి ఊగుతున్నప్పుడు కాదు, బలమైన కుదుపు ఆగిన సుమారు అర నిమిషం తరువాత. కొమ్మను ఊపుతుంటే పండు రాలడం అర్థమవుతుంది. ఊపడం ఆపి చేతులు దులుపుకున్న తరువాత రాలితే, కారణం కొమ్మలో కాక పండు తొడిమలో వెతకాలి. ఈ కట్ట విషయంలోనూ అదే జరిగింది. భూకంపం ఎంత పెద్దదన్న ప్రశ్న వెనక్కి పోయి, మట్టి ఎలా పోశారన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

బురదతో పోసిన కట్ట

ఓవెన్స్ లోయ నుంచి లాస్ ఏంజెలెస్‌కు నీళ్లు తెచ్చే కాలువను ఇంజినీర్ విలియం ముల్‌హోలండ్ 1913లో పూర్తి చేశాడు. ఆ నీటిని నిలవ చేసే జలాశయాలలో ఒకదానికి ఈ కట్ట. పని 1912లో మొదలైంది. అప్పట్లో మట్టి మోసే పెద్ద యంత్రాలు లేవు. అందువల్ల నీటినే కూలీగా వాడుకున్నారు. జలాశయం అడుగున ఉన్న మట్టిని నీటి ధారలతో కోసి, బురదగా మార్చి, దోనెలలో పారించి కట్ట రెండు అంచుల వద్ద వదిలేవారు. ముతక ఇసుక అంచుల దగ్గరే ఆగిపోయేది. సన్న మట్టి నడిమి మడుగులోకి చేరి మెల్లగా అడుగున పేరుకునేది. మన నీటిపారుదల ఇంజినీర్ల మాటల్లో చెప్పాలంటే హార్టింగ్ (నడిమి బంకమట్టి గోడ), కేసింగ్ (దానికి రెండు వైపులా ఉండే ముతక మట్టి) రెండూ వాటంతట అవే ఏర్పడేవి. ఖర్చు తక్కువ, పని చకచకా సాగుతుంది, నడుమ నీరు పట్టని బంకమట్టి గోడ ఉచితంగా దొరుకుతుంది. తెలివైన పద్ధతే. ఒక్క లోపం, దిమ్మిస పడలేదు. నీటిలో తేలివచ్చి కూర్చున్న ఇసుక రేణువులు ఎలా వాలితే అలా ఉండిపోయాయి. తరువాతి సంవత్సరాలలో దానిపైన రోలర్లతో తొక్కించిన మట్టిని వేసి 1930 నాటికి పూర్తి ఎత్తుకు తెచ్చారు. గట్టి మేడకు వదులు పునాదిలా, కింది భాగం మాత్రం అలాగే మిగిలింది.

ఈ లోపం తెలియనిదేమీ కాదు. అదే కాలిఫోర్నియాలో, అదే పద్ధతిలో కడుతున్న కలవెరాస్ డ్యామ్ 1918 మార్చిలో భూకంపమేదీ లేకుండానే, కడుతుండగానే నీటి వైపుకు జారిపోయింది. దాన్ని పరిశీలించిన ఇంజినీర్ అలెన్ హేజెన్ 1920లో రాస్తూ, రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగితే ఇసుక ద్రవంగా మారిపోతుందని వివరించాడు. నేడు ద్రవీకరణ అని పిలుస్తున్న భావనకు మట్టి శాస్త్రంలో ఇదే తొలి స్పష్టమైన రూపం. హెచ్చరిక ముందే వచ్చింది, దాన్ని లెక్కలోకి తెచ్చే పద్ధతే యాభై ఏళ్లు ఆలస్యమైంది.

కుంచం, ధాన్యం, నీళ్లు

ధాన్యం కొలిచేవాళ్లకు ఒక కిటుకు తెలుసు. నిండిన కుంచాన్ని నేలకు రెండుసార్లు తట్టి కుదిపితే గింజలు సర్దుకుని ఇంకో గుప్పెడు పడుతుంది. వదులుగా ఉన్న గింజలకు కుదుపు తగిలితే దగ్గరకు చేరాలని చూస్తాయి. ఇసుక రేణువులదీ అదే స్వభావం. పొడి ఇసుక అయితే కాస్త కుంగి ఊరుకుంటుంది. కాని రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండి ఉంటే? రేణువు కిందికి దిగాలంటే అక్కడి నీరు పక్కకు తప్పుకోవాలి. కట్ట లోపల నీటికి బయటపడే దారి పదుల మీటర్ల దూరంలో ఉంటుంది. భూకంపం కుదుపులు సెకనుకు రెండు మూడు చొప్పున వస్తుంటాయి. అంత తొందరలో నీరు కదలలేదు. దాంతో పైనున్న మట్టి బరువును అప్పటిదాకా మోస్తున్న రేణువులు ఆ బరువును కొద్దికొద్దిగా నీటి మీదికి దించేస్తాయి. నీటి ఒత్తిడి పెరుగుతుంది, రేణువుల మధ్య పట్టు సడలుతుంది. ఇసుకకు ఉన్న బలమంతా ఆ పట్టులోనే, అంటే రాపిడిలోనే ఉంది. పట్టు పోయాక అది ఇసుక పేరున్న ఒక చిక్కటి ద్రవం.

ఇసుక గట్టిగా కూరుకుని ఉంటే వ్యవహారం తిరగబడుతుంది. సముద్రతీరంలో తడి ఇసుక మీద అడుగు వేస్తే, పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం పొడిబారినట్లు తెల్లబడడం చాలామంది చూసే ఉంటారు. దట్టంగా ఉన్న రేణువులు పక్కకు జరగాలంటే ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి. అప్పుడు ఖాళీ పెరుగుతుంది, పైనున్న నీరు లోపలికి పీల్చుకుపోతుంది, ఇసుక మరింత బిగుసుకుంటుంది. 1885లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీన్ని గమనించి వివరించాడు. ఒకే ఇసుక, ఒకే నీరు, ఒకే కుదుపు ఉన్నప్పటికీ వదులుగా ఉంటే కరిగిపోతుంది, దట్టంగా ఉంటే బిగుస్తుంది. కట్టల భూకంప భద్రత గురించి చెప్పే మాటల్లో సగం ఈ ఒక్క తేడా చుట్టూ తిరుగుతాయి.

లెక్క తప్పింది ఎక్కడ

లోయర్ శాన్ ఫెర్నాండో డ్యామ్‌కు భూకంపం లెక్కలు వేయకపోలేదు. ఆ రోజుల్లో ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పద్ధతి ఒకటుంది. భూకంపాన్ని ఒక పక్క నుంచి ఎడతెగకుండా తోసే బలంగా భావించి, ఆ బలం కట్ట బరువులో 10 లేదా 15 శాతం ఉంటుందనుకుని, జారే మట్టిని జారకుండా ఆపే బలం దానికన్నా ఎక్కువ ఉందా లేదా అని చూడడం. ఆ నిష్పత్తి ఒకటి దాటితే కట్ట క్షేమం. ఈ కట్టకు 15 శాతం బలంతో లెక్క వేస్తే నిష్పత్తి సుమారు 1.3 వచ్చింది. కాగితం మీద కట్ట పాసైంది. అదే కాలిఫోర్నియాలో శాంటా బార్బరా పట్టణం పక్కన 25 అడుగుల ఎత్తున్న షెఫీల్డ్ డ్యామ్ 1925 జూన్ 29 భూకంపంలో కొట్టుకుపోయింది. తరువాత ఇదే పద్ధతిలో లెక్కిస్తే దానికి కూడా 1.2 వచ్చింది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హెచ్. బోల్టన్ సీడ్ ఇలాంటి కట్టలను ఒక పట్టికలో చేర్చి చూపినప్పుడు, పాత పద్ధతి ఎంత నమ్మదగనిదో అందరికీ తెలిసివచ్చింది.

ఆ పద్ధతిలో రెండు తప్పులు ఒకదానికొకటి ఎదురుగా నిలబడి ఉన్నాయి. మొదటిది, భూకంపం ఎడతెగకుండా తోయదు. కుడికీ ఎడమకీ మార్చి మార్చి లాగుతుంది. ఒక వైపు బలం సెకనులో పదో వంతు పాటు కట్ట ఓర్పును దాటినంత మాత్రాన కట్ట కూలదు, కాస్త జరుగుతుంది అంతే. ఈ తప్పు మంచి కట్టను కూడా అనవసరంగా అనుమానిస్తుంది. రెండవది, కుదుపు మొదలైనప్పుడు మట్టికి ఉన్న బలమే చివరిదాకా ఉంటుందనుకోవడం. ఈ తప్పు చెడ్డ కట్టకు మంచి మార్కులు వేస్తుంది. రెండింటిలో ప్రాణాలు తీసేది రెండవదే.

మొదటి తప్పును దిద్దింది నేథన్ న్యూమార్క్. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఆయన 1965లో ఇచ్చిన రాంకిన్ ఉపన్యాసంలో ప్రశ్ననే మార్చేశాడు. కట్ట జారుతుందా లేదా అని అడగకుండా, జారితే ఎంత జారుతుంది అని అడిగాడు. ఆయన ఊహించిన నమూనా చాలా సులువైనది: వాలు బల్ల మీద ఒక దిమ్మ. చేటలో బియ్యం చెరిగే చేయి గుర్తుకు తెచ్చుకుంటే అది ఇంకా తేలికగా అర్థమవుతుంది. చేటను మెల్లగా కదిపితే బియ్యం దానితో పాటే కదులుతుంది. ఒక హద్దు దాటి విసురుగా లాగితేనే గింజ జారుతుంది. కట్ట వాలులో ఉన్న మట్టికి కూడా అటువంటి హద్దు ఒకటి ఉంటుంది. నేల త్వరణం ఆ హద్దు దాటినంత సేపు మట్టి కిందికి జారుతుంది, హద్దు లోపలికి రాగానే రాపిడి దాన్ని మెల్లగా ఆపుతుంది. వాలు కిందికి ఉంది కాబట్టి ఎదురు కుదుపులో మట్టి తిరిగి పైకి ఎక్కదు. అందుకే ఒక్కో బలమైన కుదుపుకు ఒక్కో మెట్టు దిగినట్లు, జరిగినదంతా కూడుకుంటూ పోతుంది.

ఒక చిన్న లెక్క చూస్తే ఈ నమూనా గొప్పతనం తెలుస్తుంది. హద్దు గురుత్వ త్వరణంలో పదో వంతు అనుకుందాం. నేల దానికి మూడు రెట్ల త్వరణంతో ఒకే ఒక్కసారి, సెకనులో ఐదో వంతు పాటు లాగింది. ఆ కాసేపట్లో మట్టి నాలుగు సెంటీమీటర్ల దాకా జారి వేగం పుంజుకుంటుంది, ఆగేలోపు మరో ఎనిమిది సెంటీమీటర్లు జారుతుంది. మొత్తం పన్నెండు. ఇప్పుడు అదే కుదుపు, కాని మట్టి హద్దు రెట్టింపు. జారేది మూడు సెంటీమీటర్లే. హద్దు రెట్టింపైతే కదలిక నాలుగో వంతుకు పడిపోయింది. నేల త్వరణం మొత్తాన్ని ఎడతెగని తోపుగా తీసుకుంటే పాత పద్ధతి ప్రకారం ఈ రెండు కట్టలూ ‘ఫెయిల్’. న్యూమార్క్ కళ్లతో చూస్తే మొదటిది మరమ్మతు చేసుకోవలసిన కట్ట, రెండవది రోడ్డు మీద సన్న పగుళ్లు పూడ్చుకుంటే సరిపోయే కట్ట.

కట్ట బల్ల మీది దిమ్మలా గట్టి వస్తువు కాదన్నది నిజమే. అది జెల్లీలా ఊగుతుంది, అడుగున వచ్చిన కుదుపు తలకు చేరేసరికి పెరుగుతుంది. 40 మీటర్ల కట్టలో మట్టి గుండా అడ్డ తరంగం (మట్టిని పక్కలకు ఊపుతూ ముందుకు పోయే తరంగం) సెకనుకు 300 మీటర్ల వేగంతో పోతుందనుకుంటే, ఆ కట్ట సహజంగా ఊగే కాలం సెకనులో మూడో వంతుకు కాస్త పైన ఉంటుంది. భూకంపాల బలమైన కుదుపులు తరచు వచ్చేది కూడా ఆ దరిదాపుల్లోనే. ఈ లయ కుదిరినప్పుడు పైభాగం ఎక్కువ దెబ్బ తింటుంది. కట్ట తల మీద పొడవునా పగుళ్లు కనిపించడానికి ఇది ఒక కారణం, రెండు వైపులా వాలులు బయటికి విస్తరించడం మరొకటి. 1978లో మక్దీసి, సీడ్ ఈ ఊపును కూడా కలుపుకుని న్యూమార్క్ లెక్కను సవరించారు. ఈనాటికీ తొలి అంచనాకు చాలామంది ఇంజినీర్లు దాన్నే ఆశ్రయిస్తారు.

అర నిమిషం ఆలస్యం

న్యూమార్క్ దిద్దిన తప్పు లోయర్ శాన్ ఫెర్నాండోకు పనికిరాదు. దిమ్మ నమూనాలో కుదుపు ఆగితే జారడం కూడా ఆగాలి. ఇక్కడ కుదుపు ఆగాకే జారడం మొదలైంది. ఈ పరిశీలన కోసం సీడ్ బృందం జారిన మట్టిలో కందకాలు తవ్వి, బోర్లు వేసి, ఏ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కొక్కటే గుర్తించింది. చెల్లాచెదురైన బొమ్మ ముక్కలను తిరిగి పేర్చినట్లు పాత కట్ట ఆకారాన్ని కాగితం మీద కట్టారు. పేర్చిన తరువాత కనిపించింది ఇది: నీటి వైపు వాలు అడుగున, బురదతో పోసిన ఇసుకలో ఒక పెద్ద భాగం ద్రవమైపోయింది. దాని మీద ఉన్న మట్టి పెద్ద పెద్ద గడ్డలుగా, లోపలి పొరలు చెదరకుండానే, పడవల్లా తేలుతూ జలాశయంలోకి 150 అడుగులకు పైగా నడిచింది.

మరి అర నిమిషం ఎందుకు ఆగింది? ద్రవమైన ఇసుక చుట్టూ ఇంకా గట్టిగా ఉన్న మట్టి ఉంది, ముఖ్యంగా వాలు కాలి (అడుగు అంచు) దగ్గర. కుదుపు ఆగేసరికి కట్ట భారమంతా ఆ మిగిలిన గట్టి అంచు మీద పడింది. ఈలోగా లోపల పెరిగిన నీటి ఒత్తిడి ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకు పాకుతూ ఆ అంచును కూడా తడిమింది. అంచు సడలింది. ఇక జారడానికి భూకంపం అక్కర్లేదు. కట్ట సొంత బరువే చాలు. తరువాత వెనక్కి లెక్కగడితే, ద్రవమైన ఇసుకపొర చదరపు మీటరుకు సుమారు రెండు టన్నుల తోపును మాత్రమే తట్టుకోగలిగిందని తేలింది. పదుల మీటర్ల ఎత్తున్న వాలును నిలబెట్టడానికి అది ఏ మూలకూ చాలదు.

ఇక్కడి నుంచి కట్టల పరీక్ష రెండు మెట్లుగా చీలింది. మొదట ఇసుక ద్రవం కావడానికి అవకాశం ఉందా అని చూస్తారు. అవకాశం ఉంటే, కుదుపు మాట పక్కన పెట్టి, ద్రవమైన ఇసుకకు మిగిలే ఆ కొద్ది బలంతో కట్ట తన బరువును తాను మోసుకోగలదా అని లెక్కిస్తారు. మోయలేకపోతే సెంటీమీటర్ల లెక్క వేయడం దండగ. మోయగలిగితేనే న్యూమార్క్ రంగంలోకి వస్తాడు. పాత నివేదికలలో చాలాసార్లు ఈ క్రమం తిరగబడి కనిపిస్తుంది. ముందు కదలిక లెక్కించి, అది చిన్నదిగా వస్తే ఇసుక గురించి అడగడమే మానేస్తారు. ఇది జ్వరం ఎంతుందో చూసి, ఎందుకొచ్చిందో అడగకుండా ఇంటికి పంపే వైద్యం.

ఆ మిగిలే బలాన్ని కొలవడం ఇప్పటికీ తేలని తగువే. బోరు వేసి తీసిన ఇసుక నమూనా ప్రయోగశాలకు చేరేలోపే దారిలో కుదుపులకు దట్టమైపోతుంది. అసలు వదులుతనం అక్కడే పోతుంది. అందుకే నేలలోనే కొలిచే పరీక్షలను, అంటే 63.5 కిలోల సుత్తితో గొట్టాన్ని దిగగొట్టి ఒక అడుగుకు ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కించడం లాంటివాటిని ఎక్కువగా నమ్ముతారు. ఇంత పెద్ద నిర్ణయానికి ఆధారం సుత్తి దెబ్బల లెక్కా అనిపించవచ్చు. కాని ద్రవమైన, ద్రవం కాని స్థలాల అనుభవమంతా ఆ దెబ్బల అంకెల్లోనే పోగై ఉంది.

కుంగితే ఏమవుతుంది

అదే రోజు అదే లోయలో, కొద్ది దూరంలోనే ఉన్న అప్పర్ శాన్ ఫెర్నాండో డ్యామ్ కూలలేదు. దిగువకు సుమారు ఐదడుగులు జరిగి, మూడడుగులు కుంగి, ఆగిపోయింది. అది కూడా బురదతో పోసిన కట్టే. కూలడానికీ నిలవడానికీ మధ్య ఇంత విశాలమైన ప్రదేశం ఉందని చూపిన కట్ట అది. అక్కడ అసలు ప్రశ్న ఎంత కుంగింది అన్నది కాదు. నీటికి పైన ఎంత మిగిలింది, మిగిలిన దానిలో అడ్డంగా పగుళ్లు పడ్డాయా అన్నది. కట్ట పొడవునా పడే పగులు చూడడానికి భయంకరంగా ఉంటుంది కాని తరచు ప్రమాదం తక్కువ. కట్టకు అడ్డంగా, నీటి వైపు నుంచి దిగువకు పోయే పగులు సన్నగా ఉన్నా అది నీటికి దారి. కట్ట రెండు చివర్లు కొండను తాకే చోట, మట్టి లోతు హఠాత్తుగా మారే చోట ఇవి పుడతాయి. లోపల ఇసుక ఫిల్టర్ ఉంటే పగులులోకి కొట్టుకొచ్చే మట్టిని పట్టి ఆపుతుంది. లేకపోతే దారి వెడల్పవుతూ పోతుంది.

జపాన్‌లోని ఫుకుషిమా ప్రాంతంలో సుకగావా వద్ద ఉన్న ఫుజినుమా కట్ట కథ అలాంటిది. ఎత్తు 18.5 మీటర్లే. 1937లో మొదలైన పని యుద్ధం వల్ల ఆగి 1949లో ముగిసింది. 2011 మార్చి 11న 9.0 తీవ్రత గల భూకంపం చాలా సేపు ఊపింది. కట్ట కుంగింది, జారింది, నీరు పైనుంచి పొర్లింది, భూకంపం వచ్చిన అరగంటలోపే కట్ట తెగిపోయింది. దిగువ పల్లెలో ఎనిమిది మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. సునామీ విషాదం ముందు ఈ వార్త ప్రపంచానికి ఆనలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని హెబ్గెన్ డ్యామ్. 1959 ఆగస్టు భూకంపంలో జలాశయం అడుగే ఒరిగిపోయి, నీరు పళ్లెంలో నీళ్లలా అటూ ఇటూ ఊగుతూ కట్ట మీదుగా నాలుగుసార్లు పొర్లింది. కట్ట కుంగింది, పగిలింది, నిలబడింది. శాన్ ఫ్రాన్సిస్కోకు దక్షిణాన 1870 ప్రాంతంలో బంకమట్టితో కట్టిన శాన్ ఆండ్రియాస్ డ్యామ్ మరీ ఆశ్చర్యం. 1906 భూకంపంలో భూమి చీలిక కట్ట చివరి గట్టు గుండానే పోయినా కట్ట తెగలేదు. బంకమట్టి రేణువులు ఇసుకలా కుదుపుకు విడిపోవు, ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. గుర్రపు బండ్లతో, కూలీల చేతులతో కట్టిన పాత బంకమట్టి కట్టలు నిలిచి, వాటి తరువాత ‘ఆధునికంగా’ నీటి ధారలతో పోసిన కట్టలు కూలడం ఇంజినీరింగ్ చరిత్రలో ఒక ఎత్తిపొడుపు.

ఖాళీ జలాశయం చేసిన మేలు

2001 జనవరి 26న కచ్ఛ్‌లో వచ్చిన భూకంపం తీవ్రత 7.7. అప్పటికి ఆ ప్రాంతంలో కరవు. చాలా జలాశయాలలో నీళ్లు అడుగంటి ఉన్నాయి. చాంగ్, తాపర్, ఫతేగఢ్, కస్వతి, సువి, శివలఖా, రుద్రమాత లాంటి మట్టికట్టలు దెబ్బతిన్నాయి. సుమారు 15 మీటర్ల ఎత్తున్న చాంగ్ కట్ట అయితే కట్ట అనిపించుకోలేనంతగా చితికిపోయింది. వరద రాలేదు, ఎందుకంటే పారడానికి నీళ్లే లేవు.

పైపైన చూస్తే ఇదొక చిక్కుముడి. జలాశయంలో నీరే లేకపోతే ఇసుక ద్రవం ఎలా అయింది? జవాబు కట్టలో కాక కట్ట కింద ఉంది. వాగు తెచ్చిపోసిన ఒండ్రు మీద ఈ కట్టలు కట్టారు. పైన నీరు ఎండినా, నీటి వైపు కాలి కింద ఆ ఒండ్రు తడిగానే ఉంది. అందుకే నష్టంలో పెద్ద వాటా నీటి వైపు వాలుదే. కింద నేల పట్టు తప్పి వాలును తనతో పాటు లాక్కుపోయింది. కట్ట మట్టిని రోలర్లతో ఎంత తొక్కించినా, దాని కింది ఇసుకను పట్టించుకోకపోతే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ మన దేశంలో లేదు. ఆ సంవత్సరం వానలు బాగా పడి ఉంటే కచ్ఛ్ మృతుల లెక్కలో మరో పేజీ చేరేదేమో.

గోదావరి ఇసుక

ఈ దృష్టితో చూస్తే పోలవరంలో ఏళ్ల తరబడి వార్తల్లో నలిగిన పనులలో ఒకదాని అర్థం తేటపడుతుంది. గ్యాప్-2లో, అంటే నది ప్రధాన పాయకు అడ్డంగా, మట్టి, రాళ్లతో కట్టే ఎర్త్ కమ్ రాక్‌ఫిల్ డ్యామ్ రాతి మీద కూర్చోదు. గోదావరి యుగాలుగా పోసిన, పదుల మీటర్ల లోతున్న ఇసుక మీద కూర్చుంటుంది. ఆ ఇసుక గుండా నీరు పోకుండా ఆపేది డయాఫ్రం వాల్. రాజకీయ వాగ్వాదమంతా దాని చుట్టూనే తిరిగింది. వరదలకు దెబ్బతిన్న పాత గోడ స్థానంలో కొత్తదాని పని 2025 జనవరిలో మొదలైంది. కాని గోడ నీటిని ఆపుతుంది తప్ప ఇసుకను గట్టిపరచదు. ఆ పని వైబ్రో కాంపాక్షన్‌ది. కంపించే పొడవాటి గొట్టాన్ని ఇసుకలోకి దించి, చుట్టూ ఉన్న రేణువులను ముందే కుదిపి దగ్గరకు చేర్చడం. రేపు భూకంపం కుంచాన్ని తట్టకముందే ఈరోజు మనమే తట్టడం అన్నమాట. వరదల వల్ల నదీగర్భంలో ఏర్పడిన పెద్ద గుంతలను ఇసుకతో పూడ్చి, ఆ ఇసుకను కూడా ఇలాగే దట్టం చేయవలసి వచ్చింది. పత్రికల్లో ఇది ఖర్చుల పద్దుగానే ఎక్కువగా కనిపించింది. కట్ట భూకంప భద్రతకు మూలం ఆ పద్దులోనే ఉందన్న మాట మాత్రం అరుదుగా వినిపించింది.

గోదావరి లోయ భూకంపాలు ఎరగని నేల కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో, 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కదిలింది. రెండూ కాలిఫోర్నియా, కచ్ఛ్‌ల ముందు చిన్నవే. అలాగని మన చెరువు కట్టలన్నీ రేపే జారిపోతాయని బెదిరించడం అబద్ధమవుతుంది. నల్లరేగడి, ఎర్రమట్టి కలిపి తొక్కించిన చెరువు కట్ట స్వభావం శాన్ ఆండ్రియాస్‌కు దగ్గర, శాన్ ఫెర్నాండోకు దూరం. అనుమానించవలసింది ఏటి ఇసుక మీద, ఇసుక కలిసిన మట్టితో లేపిన కట్టలను. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం 30 మీటర్లు, అంతకు మించిన ఎత్తున్న డ్యామ్‌ల దగ్గర భూకంప నమోదు కేంద్రాలు ఉండాలంటోంది. కట్ట తల మీద ఒకటి, పక్కన రాతి మీద ఒకటి పరికరాలు లేకపోతే, 1971 నాటి ఆ అర నిమిషం సంగతి ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

శాన్ ఫెర్నాండోలో ఆ రెండు పాత కట్టలకూ జలాశయాన్ని మోసే పని అప్పగించలేదు. వాటి మధ్యలోనే లాస్ ఏంజెలెస్ డ్యామ్ అనే కొత్త కట్టను, దట్టంగా తొక్కించిన మట్టితో, లోపల ఫిల్టర్లతో కట్టారు. 1994 జనవరి 17న తెల్లవారుజామున నార్త్‌రిడ్జ్ భూకంపం 6.7 తీవ్రతతో అదే లోయను మళ్లీ ఊపింది. కొత్త కట్ట తల సుమారు తొమ్మిది సెంటీమీటర్లు కుంగింది, పైన కొన్ని సన్న పగుళ్లు పడ్డాయి. కూతవేటు దూరంలో, నీళ్లు లేకుండా నిలబడి ఉన్న పాత లోయర్ డ్యామ్‌లో మళ్లీ పగుళ్లు విచ్చుకున్నాయి. వాటి పక్కనే నేలలో నుంచి ఇసుక బుగ్గలు పైకి ఉబికాయి.